గుట్ట దిగిన వైద్యం

ముందుమాట అడిగేవాళ్లలో ఎక్కువమంది "రెండు పేజీలు చాలు సార్, మీ ఆశీస్సులుంటే అదే పదివేలు" అంటారు. ఈ అమ్మాయి రాతప్రతి తెచ్చి నా బల్ల మీద పెట్టి, "మీకు నచ్చనివి కూడా రాయండి సార్. మెచ్చుకోవడానికి మా ఇంట్లోవాళ్లున్నారు" అంది. తాండూరు వాళ్ల మాట అంతే, డొంకతిరుగుడు ఉండదు. అందుకే ఇందులో ఆశీస్సులతో పాటు రెండు మూడు పేచీలూ ఉంటాయి. పుస్తకం కొన్నవాళ్లు వీటిని దాటేసి నేరుగా మొదటి అధ్యాయంలోకి పోయినా నాకేం అభ్యంతరం లేదు.

అంతర్జాతీయ సహకారం అనగానే జెనీవాలో పొడవాటి బల్లలు, వాటి మీద చిన్న చిన్న జెండాలు, మెడలో కార్డులు వేసుకున్న పెద్దమనుషులు గుర్తొస్తారు. ఈ పుస్తకంలో అలాంటి ఫొటో ఒక్కటీ లేదు. తెమడ పరీక్షల రిజిస్టర్లున్నాయి, రోగి పేరు రాసిన మందుల పెట్టెలున్నాయి, తాండూరు గంజి (మార్కెట్)లో కంది రేటు రాసిన చీటీలున్నాయి, జీతం మాని బడికొచ్చిన పిల్లల హాజరు పట్టీలున్నాయి. వికారాబాద్, తాండూరు ప్రాంతానికి సముద్రాల అవతలి నుంచి మందులు, టీకాలు, విత్తనాలు, అప్పులు, ఉపాయాలు ఏమేం వచ్చాయో ఒక్కొక్కటే పట్టుకుని, అది ఎన్ని చేతులు మారి ఇక్కడిదాకా చేరిందో రాసింది. ప్రతి అధ్యాయం చివర ఒక చిన్న పట్టిక పెట్టింది. ఎడమవైపు 'వచ్చింది', కుడివైపు 'వెళ్లింది'. నేను ఈ ముందుమాటకు ఒప్పుకున్నది ఆ కుడివైపు గడి కోసం. పేదదేశం చేయి చాచింది, ధనికదేశం పెట్టింది అనే కథకు మనం అలవాటు పడిపోయాం. పెట్టిన మాట నిజమే. కానీ ప్రపంచం మన దగ్గర తీసుకున్నదాని పద్దు ఎవరూ రాసి పెట్టలేదు. ఈమె రాసింది.

వికారాబాద్ రైలు జంక్షన్. వాడి జంక్షన్ వైపు పోయే దారి నుంచి బీదర్, పర్లీ లైను ఇక్కడే చీలుతుంది. రైలు ఉన్నచోటికి అందరూ వస్తారు. అమెరికా మెథడిస్టులు నిజాం కాలంలోనే వచ్చి బడులు, ఆసుపత్రి పెట్టారు. వాళ్లు వచ్చింది సువార్త కోసం. ఆ పనిలో పనిగా జ్వరాలకు మందిచ్చారు, ఆడపిల్లలకు అక్షరాలు నేర్పారు. రచయిత్రి ఈ రెండింటిలో దేన్నీ దాచలేదు, దేన్నీ ఎక్కువ చేసి చెప్పలేదు. నవంబరులో ధారూరు దగ్గర జరిగే క్రైస్తవ జాతరకు ఎడ్లబండ్లు కట్టుకుని పోయిన వాళ్ల జ్ఞాపకాలతో ఆ అధ్యాయం నడుస్తుంది. చదవడానికి హాయిగా ఉంటుంది. అయితే పుస్తకం అసలు బలం దాని తర్వాత గుట్ట ఎక్కినప్పుడు తెలుస్తుంది.

అనంతగిరి గుట్ట మీది టీబీ దవాఖాన కూడా నిజాం కాలం నాటిదే. మూసీ పుట్టేచోటు. అనంతపద్మనాభస్వామి గుడి, చుట్టూ అడవి, చల్లగాలి. మందులు లేని రోజుల్లో ఆ గాలే మందు. కొండ మీద నెలల తరబడి పడుకోబెట్టి, పాలు గుడ్లు పెట్టి, రోగాన్ని ఒంటితోనే ఓడించాలన్న ఈ పద్ధతి పంతొమ్మిదో శతాబ్దపు యూరప్‌ది. స్విట్జర్లాండులో దావోస్ అనే కొండ ఊరు క్షయ రోగుల శానిటోరియాలతోనే పేరుకెక్కింది. మన గుట్ట మీది వరండాలకూ ఆ ఊరికీ అట్లా దూరపు చుట్టరికం ఉంది. ఆ చుట్టరికం ఇంకో రూపంలో మళ్లీ వచ్చింది, తర్వాత చెబుతాను.

లోపం ఎక్కడంటే, ఈ వైద్యం పడకలున్నంత మందికే. 1946లో భోర్ కమిటీ ఇచ్చిన లెక్క ప్రకారం దేశంలో ఏటా సుమారు 5 లక్షల మంది క్షయతో చనిపోతున్నారు. ఇతరులకు అంటించగల రోగులు 25 లక్షల దాకా ఉన్నారు. ఉన్న పడకలు 6 వేలు. అంటే ప్రతి పడక వెనకా వందల మంది వరసలో నిలబడి ఉన్నారన్నమాట. గుట్ట ఎక్కగలిగినవాడు అదృష్టవంతుడు. మిగతావాళ్లు ఊళ్లో, గుడిసెలో, పిల్లల మధ్యే దగ్గుతూ పోయారు.

తెలుగు నేల మీద ఈ పోరాటానికి ఇంకో కేంద్రం మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం. అనేక దేశాల మిషన్లు కలిసి నడిపిన శానిటోరియం అది. డెన్మార్కు నుంచి వచ్చిన ఫ్రిమోట్ మోలర్ డాక్టర్ల పేరు మా తరం వైద్యులందరికీ తెలుసు. దేశంలో బీసీజీ టీకాలు 1948లో మొదలైంది మదనపల్లెలోనే. రెండో ప్రపంచ యుద్ధంలో చితికిపోయిన యూరప్ పిల్లల కోసం డెన్మార్కు, నార్వే, స్వీడన్ల సహాయ సంఘాలు యునిసెఫ్‌తో కలిసి నడిపిన టీకా ఉద్యమమే మన దేశానికీ విస్తరించింది. రాజకుమారి అమృత్ కౌర్ ఆరోగ్యమంత్రిగా దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. 1955లో రాజాజీ అంతటివారు దాని మీద ధ్వజమెత్తారు. ఆ తగాదాను రచయిత్రి రసవత్తరంగా రాసింది. 1968లో చెంగల్పట్టు జిల్లాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అమెరికా ప్రజారోగ్య శాఖ, మన వైద్య పరిశోధన మండలి కలిసి ఇదే టీకా మీద పెద్ద పరీక్ష మొదలుపెట్టాయి. పెద్దవాళ్లకు వచ్చే ఊపిరితిత్తుల క్షయను ఇది ఆపడం లేదని తేలింది. తెలియగానే అచ్చువేసి లోకానికి చెప్పారు. పసిపిల్లలకు ప్రాణాంతకమైన క్షయ రూపాల నుంచి కాపాడుతుంది కాబట్టి ఈనాటికీ పుట్టిన బిడ్డకు వేస్తున్నాం. తాము ఇచ్చిన సాయం ఎంతవరకు పనిచేసిందో, ఎక్కడ పనిచేయలేదో దాతలే కూర్చుని కొలిచి చెప్పిన సందర్భాలు తక్కువ. ఇది వాటిలో ఒకటి.

ఇక గుట్ట దిగడం. 1956లో మద్రాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం పెట్టారు. అందులో నాలుగు వాటాలు: మన వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి. వాలెస్ ఫాక్స్ అనే ఆంగ్లేయ వైద్యుడు ముందుండి నడిపాడు. తేల్చుకోవాలనుకున్న ప్రశ్న ఒక్కటే. ఐసోనియాజిడ్, పాస్ మందులు చేతికొచ్చాక ఇంకా మనిషిని శానిటోరియంలో పడుకోబెట్టాలా, లేక ఇంటికి పంపి మందులిస్తే సరిపోతుందా? 193 మంది పేద రోగులను తీసుకుని, చీటీలు తీసినట్టు విడగొట్టి, కొందరిని శానిటోరియంలో చేర్చారు, కొందరిని ఇంటి దగ్గరే ఉంచారు. ఇంటి దగ్గర ఉన్నవాళ్లు తిన్నది నాసి తిండి. పడుకున్నది ఇరుకు గదుల్లో. చాలామంది పనికి కూడా పోయారు. ఏడాది తిరిగేసరికి రెండువైపులా కోలుకున్నవాళ్లు దాదాపు సమానం. ఇంటి దగ్గరివాళ్ల భార్యాబిడ్డలకు రోగం ఎక్కువగా అంటుకున్నదీ లేదు. ఎందుకంటే మందు పడిన కొన్ని వారాల్లోనే రోగి అంటించే గుణం తగ్గిపోతుంది. 1959లో ఈ ఫలితాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రిక అచ్చువేసింది.

ఇది చదివి ప్రపంచం దారి మార్చుకుంది. సంపన్న దేశాల్లో కూడా శానిటోరియాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మద్రాసు మురికివాడల్లోని ఆ 193 మంది ఊపిరితిత్తుల మీద తేలిన సత్యం లండన్ రోగిని కూడా మంచం మీద నుంచి లేపి ఇంటికి పంపింది. ఈ అధ్యాయం చివర పట్టికలో 'వచ్చింది' కింద రచయిత్రి మందులు, నిపుణులు, డబ్బు అని రాసింది. 'వెళ్లింది' కింద '193 మంది ఏడాది' అని మాత్రమే రాసింది. దానికి నేను కలపగలిగింది ఏమీ లేదు.

మద్రాసు వాళ్లు అక్కడితో ఆగలేదు. ఇంటికి పంపిన రోగి నాలుగు నెలలకే ఒళ్లు తేలికపడి గోలీలు మానేస్తాడు. అప్పుడు రోగం మొండికేసి తిరగబెడుతుంది. దానికి విరుగుడుగా వారానికి రెండుసార్లు, కళ్లెదుటే మింగించే పద్ధతిని 1960లలోనే అక్కడ పరీక్షించి చూశారు. తర్వాత కారెల్ స్టిబ్లో అనే వైద్యుడు టాంజానియాలో ఒక దేశం మొత్తానికి క్షయ వైద్యాన్ని ఎలా నడపాలో, రిజిస్టరు ఎలా రాయాలో చేసి చూపించాడు. ఈ రెండూ కలిసి 1990లలో డాట్స్ అనే పేరుతో జెనీవా నుంచి మన దగ్గరికి తిరిగొచ్చాయి. 1997 నుంచి ప్రపంచ బ్యాంకు అప్పుతో దేశంలో విస్తరించాయి. అప్పు అన్న మాటను గమనించాలి. చాలామంది అది దానం అనుకుంటారు.

ఈ రచయిత్రి అప్పట్లో నా దగ్గర ల్యాబ్ టెక్నీషియన్. ఆమె పనితీరు చెప్పకపోతే ఈ పుస్తకం ఎవరు రాశారో మీకు తెలియదు. పొద్దున్నే తెమడ డబ్బా మూత తీసి, చీపురుపుల్ల విరిచి, ఆ విరిగిన కొసతో గాజుపలక మీద పలచగా పూసేది. ఆరాక ఎర్రరంగు పోసి కింద నుంచి మంట చూపించాలి. ఆవిరి లేవాలి గాని మరగకూడదు. తర్వాత ఆమ్లంతో కడిగితే అన్నిటి రంగూ పోతుంది, క్షయ క్రిమి మాత్రం వదలదు. పైన నీలం పూస్తే, నీలం మధ్యలో సన్నటి ఎర్ర గీతల్లా క్రిములు కనిపిస్తాయి. ఉన్నాయని చెప్పడం తేలిక. లేవని చెప్పడానికే ఓపిక కావాలి. వంద చోట్ల చూడందే 'నెగెటివ్' అని రాయకూడదు. మధ్యాహ్నం కరెంటు పోతే కిటికీ దగ్గరికి స్టూలు జరుపుకుని, మైక్రోస్కోపు అద్దాన్ని ఎండకు తిప్పుకుని ఆ వందా పూర్తిచేసేది. బయట రోగి "ఇంకెంతసేపమ్మా, బస్సు పోతది" అని విసుక్కునేవాడు. ఆమె తల ఎత్తేది కాదు. అదే పట్టుదల ఈ పుస్తకంలో ప్రతి అంకె వెనకా ఉంది.

పరీక్షలో తేలిన రోగికి ఒక పెట్టె కేటాయించేవాళ్లం. కొత్త రోగికి ఎర్రది, తిరగబెట్టినవాడికి నీలిది. పూర్తి చికిత్సకు కావలసిన మందులన్నీ అందులోనే. పైన అతని పేరు. దవాఖానలో అందరికీ మందులు నిండుకున్నా ఆ పెట్టెలోవి ఇంకొకరికి ఇవ్వడానికి లేదు. సర్కారు దవాఖాన మెట్లెక్కి "మందు లేదు, రేపు రా" అన్న మాట తప్ప ఇంకోటి వినని మనిషికి, తన పేరు రాసిన పెట్టె ఒకటి బీరువాలో ఉందని తెలియడం ఎంత ధీమానో నేను చూశాను. కొడంగల్ వైపు నుంచి పుణెకు, ముంబైకి మట్టిపనికి పోయే ఒక మేస్త్రీ కథ ఈ అధ్యాయంలో ఉంది. పండగ దాటగానే ముఠాతో బయలుదేరాలి, చికిత్స సగంలో ఉంది. పెట్టె అతని వెంట పోవడానికి ఎన్ని కాగితాలు కదలాలో, అక్కడి మనిషికి ఇక్కడి మనిషి ఎన్నిసార్లు ఫోన్ చేయాలో ఆమె పూసగుచ్చినట్టు రాసింది. దేశాల మధ్య ఒప్పందం కుదిరినంత తేలిగ్గా రెండు దవాఖానల మధ్య కుదరదు. ఈ సంగతి నివేదికలు రాసేవాళ్లకు తట్టదు. డాట్స్‌లో వారానికి మూడు రోజులు మందిచ్చే పద్ధతి కూడా పోయి 2017 నుంచి రోజూ మందు వచ్చింది. పెట్టెల కాలం అయిపోయింది. ఆ ధీమా మాత్రం మా రోగులు మరచిపోలేదు.

ఒక ప్రశ్న మద్రాసు పరిశోధనతోనే మిగిలిపోయింది. నాసి తిండి తిన్నా మందుతో రోగం నయమైంది కదా, మరి తిండి సంగతి పట్టించుకోనక్కర్లేదా? దీనికి జవాబు రావడానికి అరవై ఏళ్లకు పైగా పట్టింది. జార్ఖండ్‌లో నాలుగు జిల్లాల్లో రోగుల ఇళ్లకు నెలనెలా సరుకులిచ్చి చూశారు. ఇంట్లోవాళ్లకు మనిషికి 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు. 2023లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఫలితం ప్రకారం, ఆ సరుకులు అందిన ఇళ్లలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. మందు రోగిని కాపాడుతుంది, పప్పన్నం పక్కనున్నవాడిని కాపాడుతుంది. సర్కారు 2018 నుంచి రోగుల ఖాతాలో నెలకు 500 రూపాయలు వేస్తూ వచ్చింది. 2024 నవంబరు నుంచి దాన్ని వెయ్యి చేసింది. ఆ డబ్బుతో ఏం కొనాలన్నది కూడా తాండూరు ప్రశ్నే.

పప్పు అన్నాక తాండూరు రాకుండా ఉంటుందా! ఇక్కడి కందిపప్పుకు 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు వచ్చేదాకా ఆ పంటను నిలబెట్టిన వాటిలో ఇంకో అంతర్జాతీయ ప్రయత్నం ఉంది. మనకు కూతవేటు దూరంలో, పటాన్‌చెరులో, 1972లో పుట్టిన ఇక్రిశాట్. మెట్ట పంటల కోసం అనేక దేశాలు కలిసి పెట్టుకున్న పరిశోధనా సంస్థ అది. కందికి రెండు శాపాలున్నాయి. ఒకటి ఎండు తెగులు, కాయ పట్టే వేళకు చెట్టు నిలువునా మాడిపోతుంది. రెండోది వెర్రి తెగులు, ఆకు గుబురుగా పెరుగుతుంది గాని పూత రాదు. ఈ రెంటినీ తట్టుకునే 'ఆశ' రకం 1993లో ఇక్రిశాట్ కృషితో వచ్చింది. 2011లో కంది జన్యుక్రమాన్ని మొత్తంగా విప్పినప్పుడు, చైనా, అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి ఇక్రిశాట్ తీసుకున్నది ఈ 'ఆశ' మొక్కనే. తాండూరు పరిశోధనా కేంద్రం కూడా ఇక్కడి నేలకు తగిన రకాలు తీసింది.

ఇదే సహకారం ఆఫ్రికాకూ పోయింది. టాంజానియా, మలావి, మొజాంబిక్ రైతులకు ఇక్రిశాట్ కందిలో మంచి రకాలు అందించింది. అక్కడ పండింది మన దేశమే కొంటోంది. 2016 జులైలో మొజాంబిక్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం ఏడాదికి లక్ష టన్నులతో మొదలుపెట్టి 2 లక్షల టన్నుల దాకా తెచ్చుకోవాలి. ఓడ ముంబై రేవుకొస్తుంది. తాండూరు గంజిలో రైతు మొహం మాడిపోతుంది. గంజిలో ఒక రైతు మాట ఈ పుస్తకంలో ఉంది: "వాళ్లకూ మీరే ఇత్తనమిచ్చిరి, మాకూ మీరే ఇస్తిరి. మరి రేటెవరిస్తరు సారూ?" నన్నడిగితే ఆ ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పగల ఆర్థికవేత్త దొరకడు. పప్పు చవగ్గా దొరికితే నా క్షయ రోగి బతుకుతాడు, ఖరీదుగా అమ్ముడుపోతే నా పక్కింటి రైతు బతుకుతాడు, మొజాంబిక్ రైతూ మనిషే. ముగ్గురినీ రచయిత్రి ఒకే అధ్యాయంలో కూర్చోబెట్టి, ఎవరి పక్షమూ తీసుకోకుండా లెక్కలు ముందు పెట్టింది. నాకైతే కాస్త తాండూరు వైపు మొగ్గితే బాగుండేదనిపించింది. ఇది మొదటి పేచీ.

బాలకార్మికుల అధ్యాయం గురించి తక్కువే చెబుతాను. దాని మీద ఇప్పటికే మంచి రచనలున్నాయి. మా చిన్నప్పుడు ఈ ఊళ్లలో పిల్లవాడు పశువుల కాడ జీతం ఉండటం మామూలు సంగతి. తండ్రి తీసుకున్న అప్పుకు కొడుకు చాకిరీ. ప్రొఫెసర్ శాంతా సిన్హా నడిపిన ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి ఉమ్మడి రంగారెడ్డి జిల్లాలో ఈ పిల్లలను శిబిరాల్లో చేర్చి, వయసుకు తగ్గ తరగతికి సిద్ధం చేసి బడికి పంపింది. బడికి పోని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్నది వాళ్ల సూత్రం. సర్కారు టీచర్లు బాలకార్మిక విమోచన వేదికగా ఏర్పడి ఇల్లిల్లూ తిరిగారు. జర్మనీ డబ్బుతో 1992లో మొదలైన అంతర్జాతీయ కార్మిక సంస్థ కార్యక్రమం, తర్వాత నెదర్లాండ్స్ సంస్థ హివోస్ దీనికి తోడయ్యాయి. ఆ పైన ఈ పద్ధతిని జింబాబ్వే, ఉగాండా, ఇథియోపియా పల్లెలు తీసుకున్నాయి. 'వెళ్లింది' గడి నిండిన అధ్యాయం ఇది. పిల్లల మాటల్లో ఉన్న చిన్న చిన్న వివరాలు బాగున్నాయి. శిబిరంలో మొదటి రాత్రి దుప్పటి ఎవరిదంటూ జరిగిన గొడవ నన్ను నవ్వించింది.

టీకాల అధ్యాయం వేగంగా నడుస్తుంది. 2016 జూన్‌లో హైదరాబాద్ అంబర్‌పేట మురుగునీటి నమూనాలో టీకా నుంచి పుట్టిన పోలియో వైరస్ దొరికింది. బిడ్డకెవరికీ రోగం రాలేదు. అయినా హైదరాబాద్‌తో పాటు అప్పటికి మన వికారాబాద్ కూడా భాగంగా ఉన్న రంగారెడ్డి జిల్లాలోని ప్రాంతాల్లో వారం రోజులు పిల్లలకు సూదులు వేశారు. మురుగులో వైరస్ జాడ పట్టే ఏర్పాటు లేకపోతే ఎవరికీ తెలిసేదే కాదు. హైదరాబాద్‌లో తయారైన టైఫాయిడ్ టీకాను 2019లో పాకిస్తాన్ తన పిల్లలకు మామూలు టీకాల్లో చేర్చడం కూడా ఇక్కడే ఉంది. రెండు దేశాల సరిహద్దు బిగుసుకుపోయిన సంవత్సరం అది. గావి అనే అంతర్జాతీయ టీకా కూటమి మధ్యలో ఉండబట్టి టీకా దాటింది.

అలాగే బోదకాలు మందు డీఈసీ. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం 1940లలో అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల్లో దాన్ని తీసింది. ఇప్పుడు ఐసాయ్ అనే జపాన్ కంపెనీ విశాఖపట్నంలోని ఫ్యాక్టరీలో ఆ గోలీలు తయారుచేసి, ప్రపంచ ఆరోగ్య సంస్థ ద్వారా దేశదేశాలకు ఉచితంగా పంపుతోంది. మన ఆశా కార్యకర్త "మింగు తాతా, బోదకాలు రాదు" అని బతిమాలి ఇచ్చే గోలీ వెనక ఇంత ప్రయాణం ఉంది.

దావోస్ చుట్టరికం మళ్లీ వచ్చిందన్నాను కదా. శానిటోరియాలు పోయాక దావోస్ ఇప్పుడు ప్రపంచ ఆర్థిక వేదిక సమావేశాలకు పేరుపొందింది. ఆ వేదిక, తెలంగాణ ప్రభుత్వం, మరికొన్ని సంస్థలు కలిసి 2021 సెప్టెంబరు 11న వికారాబాద్‌లో డ్రోన్లతో టీకాలు, మందులు పంపే ప్రయోగం మొదలుపెట్టాయి. కేంద్రమంత్రి వచ్చారు, కెమెరాలు వచ్చాయి, జనం మిద్దెలెక్కి చూశారు. నేనూ చూశాను, బాగానే ఎగిరింది. రచయిత్రి దీనికి నాలుగు పేజీలిచ్చింది. వాన పడితే వాగు దాటి నడిచిపోయే ఏఎన్ఎమ్‌కు పదహారు పేజీలిచ్చింది. ఈ నిష్పత్తి నాకు నచ్చింది.

రెండో పేచీ. తాండూరు అంటే కంది ఒక్కటే కాదు, బండ కూడా. గనుల్లో కొట్టేవాళ్లు, యూనిట్లలో కోసి పాలిష్ పట్టేవాళ్లు, సిమెంటు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు పీల్చే దుమ్ము గురించి ఇంత పెద్ద పుస్తకంలో ఒక్క అధ్యాయం లేదు. అడిగితే, "నమ్మదగిన లెక్క దొరకలేదు సార్" అంది. అది నిజాయితీ. కానీ లెక్క లేకపోవడం కూడా రాయదగ్గ విషయమే. పోలియో జాడ కోసం మురుగునీటిని వెతికిన ప్రపంచం బండ కోసే మనిషి ఊపిరితిత్తిని ఎందుకు వెతకలేదు? అంటురోగం దేశం దాటి తమ దాకా వస్తుందన్న భయం పెద్ద దేశాలకుంది, దుమ్ముకు ఆ సత్తా లేదు. సహకారంలో ఈ స్వార్థం ఎప్పుడూ ఒక పాలు ఉంటుంది. ఈ మాట ఆమె రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

మూడోది పేచీ కాదు, చర్చ. చివరి అధ్యాయం 2025 నాటిది. ఆ జనవరిలో అమెరికా ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. అదే ఏడు తన విదేశీ సహాయ సంస్థ యూఎస్ఎయిడ్‌ను మూసేసింది. ఆఫ్రికాలో మందులు ఆగిన క్లినిక్కుల గురించి చదివి రచయిత్రి కలత చెందింది. అధ్యాయం గొంతు మారిపోయింది. నాకు ఆ కలత అర్థమవుతుంది. అయితే ఈ పుస్తకంలో ఆమె సేకరించిన ఆధారాలే వేరే సంగతి చెబుతున్నాయి. మనకు క్షయ మందులు ఇప్పుడు ప్రధానంగా మన ఖజానా నుంచే వస్తున్నాయి. టీకాలు మనమే చేసి పంపుతున్నాం. అప్పు తీసుకున్న ఇల్లు ఇప్పుడు ఇవ్వగలిగిన ఇల్లయింది. మొజాంబిక్, టాంజానియా దవాఖానల్లో ఖాళీ అయిన అరలు నింపడంలో హైదరాబాద్ కంపెనీల వంతు ఎంత, ఢిల్లీ వంతు ఎంత అన్నది ఆ అధ్యాయం అడగాల్సింది. మలి ముద్రణలో అడుగుతుందని నా ఆశ.

భాష గురించి ఒక మాట. తాండూరు, బషీరాబాద్ సందుల్లో వినపడే తెలుగు, ఉర్దూ, కన్నడం కలగలిసిన మాటలను ఆమె సాపు చేయకుండా అలాగే ఉంచింది. రోగి "గోలీలు" అంటే గోలీలనే రాసింది, "మాత్రలు" అని దిద్దలేదు. సంపాదకుడు దిద్దబోతే ఒప్పుకోలేదని విన్నాను. మంచి పని చేసింది.

అచ్చు ఖర్చు ఆమె సొంతం. రెండో విడతకు డబ్బు మిగిలితే నా సూచన ఒకటుంది. రాష్ట్ర సరిహద్దు దాటితే చించోళి, సేడం. అటు రోగి ఇటొస్తాడు, ఇటు కూలీ అటు పోతాడు, రెండువైపులా రిజిస్టర్లు మాత్రం ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. పెట్టెల అధ్యాయం వరకైనా ముందు కన్నడంలోకి, ఆ వెంటనే ఉర్దూలోకి తేవాలి. ఉర్దూ అనువాదం చూసిపెట్టే బాధ్యత నాది. కన్నడానికి సేడం వైపు నుంచి మనిషిని ఆమే వెతుక్కోవాలి.